హాస్టల్ ముందా, ల్యాబ్ ముందా

మా పిన్నీ బాబాయీ ఒకే యూనివర్సిటీలో పనిచేసేవారు. నేను డిగ్రీ చదివినన్నాళ్లూ వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పటికి యూనివర్సిటీ ఇంకా పసిగుడ్డు. రెండు మేడలు, కొన్ని రేకుల షెడ్లు, మిగిలిందంతా గడ్డి. ప్రణాళికా విభాగమంటే పిన్ని, ఒక టైపిస్టు, జంతుశాస్త్రం వాళ్లు ఖాళీ చేసిన స్టోరు గది. కిటికీలు ఎంత తీసిపెట్టినా ఫార్మలిన్ వాసన పోయేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు పిన్నే గుర్తొస్తుంది.

ఆ ఏడాది యూనివర్సిటీకి రాబోయే ఇరవై ఏళ్ల లక్ష్యాలు రాసే పని పిన్నికి అప్పగించారు. సాయంత్రమైతే భోజనాల బల్ల నిండా పటాలు పరిచేది. మేం కంచాలు ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లం.

"గడ్డి కోయించడం చేతకాదు గానీ ఇరవై ఏళ్ల ముచ్చట్లు. ఆలూ లేదు, చూలూ లేదు!" అని బాబాయి ఏడిపించేవాడు.

"మీకేం కావాలో అడగండి, రాసేస్తాను."

బాబాయి నవ్వు ఆపేసేవాడు. ఆయనది భౌతికశాస్త్రం. ఎముకలు కొరికే చలిలో లోహాల గుణం ఎలా మారుతుందో చూడాలని ఆయన తపన. అందుకు కావలసిన ల్యాబ్ ఇక్కడ లేదు. సెలవులొస్తే పెట్టె సర్దుకుని వేరే ఊరి ల్యాబ్‌కు వెళ్లి, వాళ్లు ఖాళీ ఇచ్చినప్పుడు పని చేసుకుని వచ్చేవాడు. పిన్ని మొదటి లక్ష్యంగా ఆ ల్యాబే రాసింది. మొదటి అయిదేళ్లలో కట్టగలిగేది ఒక్క పెద్ద భవనమే.

తర్వాత ఒక సంగతి ఆమె కంటబడింది. పరిశోధనకు చేరిన అమ్మాయిలు ఏడాది తిరక్కుండానే మానేస్తున్నారు. ఎందుకో చూద్దామని నన్ను వెంటబెట్టుకుని ఊళ్లో వాళ్లుండే గదులన్నీ తిరిగింది. గణితంలో పరిశోధన చేసే ఒకమ్మాయి, ఎవరి వంటగదిలోనో గ్యాస్ బండ పక్కన చాప వేసుకుని పడుకుంటోంది. "పొద్దున్నే వాళ్లు లేచేలోపు చాప తీసేయాలి మేడమ్" అంది.

ఆ వారమే పిన్ని రాసిన లక్ష్యాల్లో అమ్మాయిల హాస్టల్ మొదటికి వచ్చింది. ల్యాబ్ రెండో పదేళ్లలోకి జారింది.

పాలకమండలి సమావేశంలో జరిగింది టైపిస్టక్క చెప్పింది. బాబాయి లేచి, "పరిశోధన వెనక్కి నెట్టి యూనివర్సిటీ ఎలా పెరుగుతుంది?" అని గట్టిగా అడిగాడట. "పరిశోధన చేసేవాళ్లు ఎక్కడ పడుకుంటారు సార్?" అందట పిన్ని. కట్టుకున్న భర్తను సార్ అనేసరికి ఒకాయనకు తాగుతున్న టీ పొరమారిందట. చివరికి పిన్ని మాటే నెగ్గింది.

ఇంట్లో మాత్రం మాటల్లేవు. "ఉప్పు అందించమని మీ పిన్నికి చెప్పు" అనేదాకా వచ్చింది.

నేనుండబట్టలేక, "బాబాయ్, ల్యాబ్ ఇంట్లోనే పెట్టేశావా? గడ్డకట్టి చస్తున్నాను" అన్నాను. ముందు పిన్నికి నవ్వొచ్చింది. తర్వాత ఆయనా ఆపుకోలేకపోయాడు. ఆ రోజు నుంచి మాటలు మొదలయ్యాయి. పటాలు మాత్రం మళ్లీ భోజనాల బల్ల మీదికి రాలేదు.

హాస్టల్ లేచింది. ల్యాబూ వచ్చింది, బాబాయి రిటైరైన ఏడాది. ప్రారంభానికి ముగ్గురం వెళ్లాం. ఆయన జనం వెళ్లిపోయేదాకా ఆగి, లోహాలను చల్లబరిచే మెరిసే ఉక్కు తొట్టి మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఆలస్యం చేశాను కదూ?" అంది పిన్ని.

"చేశావు" అన్నాడాయన. ఊరడింపుకైనా కాదనలేదు. తొట్టి మీంచి చెయ్యి తీసి, "పద, నీ హాస్టల్ చూద్దాం. నన్నెలాగూ లోపలికి రానివ్వరు" అన్నాడు.

ఎదురుగా పిట్టగోడ మీద కూర్చున్నాం. చీకటి పడుతోంది. పై అంతస్తు నుంచి ఒకమ్మాయి తల బయటపెట్టి, ఎవరో తన బకెట్ ఎత్తుకెళ్లారని ఊరంతా వినబడేలా అరుస్తోంది. కింద సైకిళ్లు ఒక్కొక్కటే లోపలికి వస్తున్నాయి. బాబాయి చాలాసేపు అలా చూస్తూనే ఉన్నాడు. ఇంటికి పోదామని మాలో ఎవరమూ అనలేదు.