మండీ రాయితో తూచిన బిళ్ల

డిస్కస్ విసిరి రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్నానని గుంతకల్లులో అందరికీ తెలుసు. దానికి మూలం ఒక దొంగ రాయి అంటే మాత్రం నవ్వుతారు. నవ్వనీండి.

1975లో కదిరిలో తొమ్మిదో తరగతి చదివేదాన్ని. స్కూలుకంతా ఒకటే డిస్కస్, అదీ పగిలింది. డ్రిల్లు అయ్యవారు శ్రీరంగప్ప సారు నా చేతులు చూసి, "సుంకమ్మా, ఇంటికాడ ఒక ఇనప బిళ్ల చేయించుకో. సరిగ్గా కిలో ఉండల్ల" అన్నారు.

మా నాయన పుల్లన్న శెనక్కాయల మండీలో తూకం వేసే మనిషి. కమ్మరితో బిళ్ల కొట్టించాడు. మండీ తక్కెడలో ఒకవైపు కిలో రాయి, ఒకవైపు బిళ్ల పెట్టి, ముల్లు నిలబడేదాకా మూడుసార్లు అరగదీయించాడు. "నా బిడ్డ బిళ్ల గురిగింజంత తేడా ఉండగూడదు" అన్నాడు.

పంట పీకేసిన చేన్లలో రెండేళ్లు విసిరాను. ఎంత ఏడ్చి విసిరినా ఇరవై ఆరు మీటర్లే. రాష్ట్ర పోటీలకు పోవాలంటే ముప్పై దాటాలి.

అనంతపురంలో జిల్లా పోటీలప్పుడు వాళ్ల డిస్కస్సే ఇచ్చారు. చేతిలో అప్పడంలా ఉంది. మొదటి రెండు సార్లూ గీత దాటి పక్కకు పోయింది. కోపమొచ్చి మూడోసారి పళ్లు బిగబట్టి విసిరితే ముప్పై మూడు! సారుకు అనుమానమొచ్చి, నా బిళ్లను అక్కడి కాటా మీద పెట్టించారు. కిలో నూట ముప్పై గ్రాములు.

"ఎవురు తూచినారు దీన్ని?" అన్నాడు కాటా దగ్గరి మనిషి.

"మా నాయన. మండీ రాయితో" అన్నాను, గొప్పగా.

పోటీలు చూడ్డానికి వచ్చిన రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన పక్కకు తిరిగి ఉమ్మేశాడు. అప్పుడు తెలిసింది నాకు. అది శెనక్కాయలు కొనేదానికి పెట్టిన రాయి. దాంతో తూస్తే కిలోకు నూట ముప్పై గ్రాములు రైతు ఊరికే పోసి పోవాల్సిందే.

సాధన చేసుకోమని సారు అక్కడివాళ్లను అడిగి ఇప్పించిన అసలు డిస్కస్‌ను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. గెలిచిన సంబరమే లేదు. మా నాయన దొంగా, వెర్రివాడా? ముదిగుబ్బ దాటినా అదే ఆలోచన.

ఇంటికి పోగానే రెండూ ఆయన ముందర పెట్టాను. "నాయనా, నీ కిలో కిలో కాదు. తెలుసునా నీకు?"

రెండు చేతుల్లో రెండూ పట్టుకుని బరువు చూశాడు.

"పనిలో చేరిన దినమే తెలుసు. నోరు మూసుకుంటే కూడు ఉంటాదిలే అనుకుంటి."

"మరి నా బిళ్లనూ దాంతోనే ఎందుకు తూచినావు?"

"నిన్ను మోసం చేసేకి కాదు బిడ్డా. పన్నెండేండ్లు కిలో కిలో అని అరిచి అరిచి, నా చేతికి అదే కిలో అయిపోయినాది. నిజంగా కిలో అనుకునే తూచినా."

నేను దొంగనే అని ఉంటే కోప్పడేదాన్ని. ఆ మాటకు ఏడుపొచ్చింది.

మరుసటి రోజు డిస్కస్ అడిగి తీసుకున్నాడు. నేనూ వెంట పోయాను. మండీలో మొదటి తూకానికి "ఒకటి" అనరు, "లాభం" అంటారు. ఆ రోజు నాయన శెనక్కాయలు పోయనివ్వలేదు. తక్కెడలో ఒకవైపు రాయి, ఒకవైపు నా డిస్కస్ పెట్టి, రైతులందరికీ కనబడేలా పైకెత్తాడు. రాయి వైపు కిందికి దిగిపోయింది.

"ఏమప్పా పుల్లన్నా, తిక్క పట్టినాదా?" అని మండీ సావుకారి లేచాడు.

"లాభం!" అని అరిచాడు నాయన.

రైతులు మూటలు కట్టుకుని బండ్లు తిప్పారు. వారంలో రాయి మారింది. నాయన పని మాత్రం తక్కెడ ఎత్తిన రోజే పోయింది. కరువు పనుల్లో రోడ్డు కంకర కొట్టి నన్ను రాష్ట్ర పోటీలకు పంపాడు. 1981లో నాకు ఉద్యోగమొచ్చింది.

రెండేళ్లకు, గుంతకల్లు రైల్వే గ్రౌండులో నా పోటీ చూడ్డానికి మొదటిసారి వచ్చాడు. డిస్కస్సులు తూచే బల్ల దగ్గర నిలబడి, "ఒకసారి ఇయ్యప్పా" అని నాది అడిగి తీసుకున్నాడు. కాయలు కాసిన అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా పైకీ కిందికీ ఆడించాడు.

"కిలో" అన్నాడు. "గురిగింజంత తేడా లేదు."

కాటా మీద పెట్టి చూశారు. లేదు.