లేదనడం నేర్చుకున్న గౌడు

నేను ఒక సుత్తిని. మేకులు కొట్టేదాన్ని కాదు లెండి, మోకాలి కింద తట్టి కాలు ఎగురుతుందో లేదో చూసే డాక్టరు సుత్తిని. రబ్బరు తల, ఇత్తడి కాడ, కాడ చివర ఒక చిన్న కుంచె. ఉత్తరాదిలో ఏదో కార్ఖానాలో పుట్టాను. నన్ను చేసినవాడు ముందు తన మోకాలి మీదే కొట్టి చూసుకుని, కాలు ఎగిరితే చిన్నపిల్లాడిలా నవ్వాడు. నన్ను కొన్న పెద్ద డాక్టరు గారు ముక్కోపి. రిటైరయ్యేనాడు నన్ను శిష్యురాలు వైదేహి చేతిలో పెట్టి, "ముందు దీన్ని నమ్ము, తర్వాత మనుషుల్ని నమ్ము" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి మా ఇద్దరికీ నర్సాగౌడు కావలసి వచ్చాడు.

నర్సాగౌడు కల్లు గీసే మనిషి. నడుముకి చుట్టుకుని చెట్టెక్కే మోకు తెగి తాటిచెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. వైదేహి పనిచేసే ఆసుపత్రిలో అప్పుడే ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. నర్సాగౌడునీ అందులో చేర్చుకున్నారు. కొందరికి మందు, కొందరికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికేది ఎక్కుతోందో చివరిదాకా ఆమెకూ తెలియదు.

"దెబ్బతిన్న నరం మళ్ళీ చిగురించాలనే చూస్తుందండీ. గాయం మానేటప్పుడు అక్కడ కట్టే మచ్చే దానికి అడ్డం. ఈ మందు ఆ అడ్డాన్ని కరిగిస్తుందేమో చూస్తున్నాం" అందామె.

"తాటిగెల గీసినట్టన్నట్టు. దినాం గియ్యకుంటే కోసిన మొన ఎండి కల్లు బందైతది" అన్నాడు నర్సాగౌడు. వైదేహికి అది ఎంత నచ్చిందంటే, తర్వాత వార్డులో అందరికీ అలాగే చెప్పేది.

సూదులు మొదలయ్యాక ఒకరోజు అతణ్ణి కళ్ళు మూసుకోమని నా కుంచెతో పాదాన్ని తాకింది.

"తెలుస్తోందా?"

"ఆఁ, తెలుస్తుంది."

"ఇక్కడ?"

"ఆఁ."

భార్య సుగుణ కళ్ళొత్తుకుంది. నాకైతే ఒళ్ళు మండింది. రెండోసారి నేను కాలికి తగలనే లేదు, వైదేహి నన్ను గాలిలోనే పట్టుకుంది!

"అబద్ధమెందుకండీ?"

"కల్లుకని చెట్టు కింద నిలవడ్డోన్ని లేదని పంపొద్దని మా నాయిన చెప్పిండు డాక్టరమ్మా. మీరు గంత ఆశతోని అడుగుతుంటే లేదని ఎట్లనాలె?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. వైదేహి మంచం అంచున కూర్చుంది. "మీ మాట నమ్మి, పనిచెయ్యని మందును రేపు ఇంకో గౌడుకి ఎక్కిస్తాం. లేకపోతే లేదనండి. నాకు అదీ కావాలి."

ఆ తర్వాత నెలల తరబడి "లేదు". పళ్ళబిగువున చెప్పేవాడు పాపం. నేను కోటు జేబులోంచి బయటికి రాగానే సుగుణ వరండాలోకి వెళ్ళిపోయేది. నాకూ ఆ జేబులోనే ఉండిపోవాలనిపించేది.

ఒక ఉదయం, "లేదు... లేదు..." అంటూ వచ్చినవాడు కుడికాలి బొటనవేలి దగ్గర ఆగాడు.

"ఆగుండ్రి డాక్టరమ్మా. చీమ పాకినట్టున్నది."

వైదేహి నన్ను గాలిలోకి లేపింది. "ఇప్పుడు?"

"లేదు."

మళ్ళీ తాకించింది.

"ఉన్నది. ఉన్నదే సుగుణా!"

ఎన్నిసార్లు అడిగినా ఒక్కటీ తప్పలేదు. అయినా వైదేహి సంబరం పట్టలేక ఇంకోసారి తాకించింది. ఆ చేతిలో ఉన్నదాన్ని, నాకు తెలియదూ!

అది మందు చలవో, ఒళ్ళు తనంతట తానే కోలుకోవడమో ఇంకా తేలలేదు. నడక మాత్రం రాలేదు. నా కుంచె వెంట్రుకలు రాలిపోయి, ఇప్పుడు వార్డు బల్ల సొరుగులో ఉంటున్నాను. మొన్న నర్సాగౌడు చక్రాల కుర్చీలో చూపించుకోవడానికి వచ్చాడు. బల్ల పక్క మంచం మీద కొత్తగా చేరినవాడొకడు వైదేహి అడిగినవాటన్నిటికీ "ఆఁ, ఆఁ" అంటున్నాడు. కుర్చీ చక్రాలు అటు తిరిగిన చప్పుడైంది.

"లేనప్పుడు లేదను తమ్మీ. గప్పుడే, ఉన్ననాడు నమ్ముతరు."