గీకని తీగ

మొహిద్దీన్ బాషా మిరపకాయను తొడిమె దగ్గర పట్టుకుని విరిచాడు. గింజలు చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు. దగ్గాడు. విరిచిన కాయను రైతు కాళ్ళ దగ్గర పడేశాడు.

“తాలు. రంగు లేదు. పక్కన పెట్టు.”

రైతు ముఖం పాలిపోయింది. బాషాకు ఆ ముఖమూ వెలిసిన సరుకులాగే కనిపించింది.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో సరుకు రకం తేల్చే మనిషి అతను. ఎముకల గూడులాంటి ఒళ్ళు, మిరప ఘాటు పీల్చీ పీల్చీ ఎర్రబడిన కళ్ళు, గాలి పీలిస్తే ఈల వేసే రొమ్ము. కాయ నిగనిగలాడితే మంచిది, వెలిసిపోతే తాలు. ఇంతకు మించిన విద్య అతనికి లేదు, కావాలనీ అనుకోలేదు. మనుషుల్ని కూడా అలాగే రెండు కుప్పలు పోశాడు. మంచి కుప్పలో తనొక్కడే ఉన్నాడు. అదే యార్డులో తాలుకాయలు ఏరే కూలీ అయిన భార్య జైతున్‌బీ, పెళ్ళి నాటి నుంచీ రెండో కుప్పలోనే ఉంది.

అతని గర్వమంతా ఇంట్లో ఉన్న పెట్టె. రేడియో అంటే ఊరుకోడు, స్టీరియో రిసీవర్ అనాలి. దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన వదిలించుకున్న జపాన్ సరుకు. వెండిరంగు ముఖం, వెలిగే అంకెలు, రెండు స్పీకర్లు. ఆ కంపెనీ చేసినవాటిల్లో అదే అన్నిటికంటే చవకరకం. ఊళ్ళో సరుకుకంతా వంక పెట్టే మనిషికి ఆ సంగతి తెలియలేదు. మెరిసింది గనక కొన్నాడు. విజయవాడ స్టేషన్ పెడితే కాగిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్‌మనేది. తప్పు పెట్టెది కాదట, పక్కింటి సుబ్బరావమ్మ మిక్సీదట.

ఆ మధ్య రేడియోవాళ్ళు యార్డుకు వచ్చి ఆడకూలీల మాటలు రికార్డు చేసుకుపోయారు. జైతున్‌బీ కూడా మాట్లాడింది. ఇవాళ సాయంత్రం రైతుల కార్యక్రమంలో వేస్తారు.

“నీ గొంతుకి స్టేషనొకటి తక్కువైంది,” అన్నాడు బాషా. అన్నవాడు ఊరుకోకుండా వీధి వీధంతా పిలిచాడు, తన సెట్టులో వినిపిస్తానని.

“నీ సెట్టులోనా? దానికన్నా మా కుక్కరు నయం రా. మూడు కూతలన్నా వేసుద్ది,” అన్నాడు సుబ్బరావమ్మ మొగుడు బాపయ్య. వాకిట్లో అందరూ నవ్వారు.

ఇక ఇవాళ పెట్టె పలకకపోతే ఆ వీధిలో బాషా తాలుకాయే.

మధ్యాహ్నం మోటార్ వైండింగ్ కొట్టుకు పోయి, డాబా మీద ఏరియల్ కట్టడానికి రాగితీగ తెచ్చుకున్నాడు. ఎర్ర వార్నీషు పూసిన కొత్త తీగ, మేలురకం మిరపపండులా తళతళలాడుతోంది. 

“రెండు కొసలూ గీకి కట్టు భాయ్. వార్నీషుంటే పలకదు,” అన్నాడు కొట్టు యజమాని అల్లాబక్షు.

“గీకితే నిగనిగ పోద్ది. వెలిసిన సరుకు నా గడప తొక్కదు. మోటార్లు చుట్టుకునేవాడివి, నీకెందుకయ్యా రేడియోల సంగతి?”

“మంచిది. నీ తీగ, నీ ఇష్టం.”

సాయంత్రం బాషా, బాపయ్య ఇంటి నిచ్చెన తెచ్చి వేసుకుని, మెట్టుకొకసారి దగ్గుతూ డాబా ఎక్కాడు. వెదురు గడకు తీగ కట్టాడు. రెండో కొస కిటికీలోంచి దించి పెట్టె వెనక మరమేకుకు జైతున్‌బీ చేత చుట్టించాడు. కింద వాకిట్లో జనం చాపలేసుకుని కూర్చున్నారు.

“వచ్చిందా?”

“రాలేదు,” లోపల్నుంచి జైతున్‌బీ అరిచింది.

“ఇప్పుడు?”

“చుయ్‌మంటా ఉంది!”

“నీ చెవులే తాలువి!” అంటూ తీగను గట్టిగా పట్టుకున్నాడు. పెట్టెలో పాట ఖంగుమంది. వదిలాడు, పోయింది. పట్టుకున్నాడు, వచ్చింది. కొస గీకి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు. కానీ బాషా ఛాతీ పొంగింది. తను లేనిదే పెట్టె పలకదు! జారిపోకుండా తీగను చూపుడువేలికి మూడు చుట్లు చుట్టి, పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“చూశావా బాపయ్యా? నేను పట్టుకుంటేనే పలుకుద్ది!”

“చూశాలే. నోరు మూసుకుని పట్టుకో.”

కార్యక్రమం మొదలైంది. పైనుంచి దగ్గు ఆగడం లేదు. “ఆ దగ్గేందే జైతున్‌బీ, ఒక్క ముక్క విననియ్యట్లా,” అని సుబ్బరావమ్మ విసుక్కుంది. కాసేపటికి దగ్గు దానంతటదే ఆగింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

అప్పుడు పెట్టెలోంచి జైతున్‌బీ గొంతు వచ్చింది.

“ఘాటుకి కళ్ళు మండవా అమ్మా?” రేడియో ఆవిడ అడుగుతోంది.

“మొదట్లో మండేయండి. ఇప్పుడు కళ్ళే అలవాటు పడ్డాయి.”

“మీ ఇంట్లో రేడియో ఉందా?”

“ఉందండీ. మా ఆయన రోజూ బాగుచేస్తానే ఉంటాడు. అది పలికిందంటే నా మాట మా ఆయన వినడం అదే మొదలండీ. ఇంట్లో చెబితే వినడు.”

వాకిలంతా గొల్లుమంది. జైతున్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని డాబా వైపు చూసింది.

“విన్నావంట్రా బాషా?” బాపయ్య కేకేశాడు.

జవాబు లేదు. పొగరనుకున్నారు. తరువాత ధరవరలు వచ్చాయి, వార్తలు వచ్చాయి. పెట్టె ఒక్కసారి కూడా బుస కొట్టలేదు. కొన్ననాటి నుంచీ అంత శుభ్రంగా పలికింది లేదు. జనం చాపలు చుట్టుకున్నారు.

“దిగయ్యా, అన్నం తిందువుగాని,” అని జైతున్‌బీ పిలిచింది. మళ్ళీ పిలిచింది. బాపయ్య గొణుక్కుంటూ నిచ్చెన ఎక్కాడు.

బాషా కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి చల్లబడింది. వీధి వీధంతా విన్న మాటను అతనొక్కడే వినలేదు. వెతికి ఏరినా ఇంతకంటే చవకరకం చావు దొరకదు. 

బాపయ్య ఆ వేలినుంచి తీగను మెల్లగా లాగాడు. కింద పెట్టె చుయ్‌మంది. ఆ చప్పుడు వినగానే, పైనుంచి ఎవరూ ఏమీ చెప్పకముందే, జైతున్‌బీ నేలమీద కూలబడింది.

మనిషిని దించారు. తీగ సంగతి ఎవరికీ పట్టలేదు. తెల్లవారి చూస్తే, వేలి లావున మూడు ఎర్ర చుట్లు డాబా అంచు నుంచి వేలాడుతూ, గాలికి కిటికీ ఊచను తాకుతున్నాయి.