నిలువు పద్ధెనిమిది

మా అక్క పోయిన నాలుగో రోజున ముగ్గురు పలకరించడానికి వచ్చారు. ప్రతి బుధవారం అక్కతో పాటు లైబ్రరీలో కూర్చుని, ఆదివారం పత్రికలో వచ్చే గళ్ళ నుడికట్టు గురించి వాదించుకునేవాళ్ళు వీళ్ళే. ఒకాయన కోర్టులో రికార్డుల గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఎక్కడికి వెళ్ళినా చంకలో నిఘంటువు ఉంటుంది కనక ఆయన పేరే నిఘంటువుగారైపోయింది. పలకరింపుకు కూడా తెచ్చుకున్నారు. రెండో ఆయనకు మందులషాపు ఉంది. మూడో ఆవిడ ఆ లైబ్రరీలో లైబ్రేరియన్.

ముగ్గురూ వరసగా కూర్చున్నారు. నా భార్య టీ ఇచ్చింది.

"ఎంతటి మనిషి," అన్నారు నిఘంటువుగారు.

"ఎంతటి జ్ఞాపకశక్తి," అన్నారు మందులషాపాయన.

లైబ్రేరియన్ మేడం కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే ఆవిడ చూపు బల్ల మీదికి పోయింది. ఆదివారం పేపరు, దాని మీద అక్క కళ్ళజోడు, పక్కన పెన్ను, ఆవిడ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"మాస్టారూ," అన్నారు మేడం మెల్లగా, "అక్కగారు నిలువు పద్ధెనిమిది రాయలేదా?"

అంతవరకూ ఆ గదిలో ఉన్నది సంతాపం. ఆ తర్వాత కుర్చీలు బల్ల దగ్గరికి జరిగాయి.

మందులషాపాయన జేబులోంచి తను పూరించిన నుడికట్టు కాగితం తీశారు. పలకరింపుకు ఆయన కూడా ఖాళీ చేతులతో రాలేదు. "నేనిక్కడ ఏదో మామూలు మాట రాసేశానండీ. ఆవిడకే అందలేదంటే అది మామూలు మాట అయ్యుండదు," అని రబ్బరు తీసి అక్కడికక్కడే చెరిపేశారు. రబ్బరు పొడి టీ కప్పులో పడింది.

పత్రికవాళ్ళు ఏడాదికోసారి ఒక జాబితా వేస్తారు. యాభై రెండు వారాలూ ఒక్క తప్పు లేకుండా పూరించినవాళ్ళ పేర్లు అందులో ఉంటాయి. మా అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన రోజుల నుంచీ, ఇరవై రెండేళ్ళుగా, ఆ జాబితా కోసం పంపుతూనే ఉంది. ఏటా ఎక్కడో ఒక తప్పు దొర్లేది. ఈ ఏడు మాత్రం యాభై ఒకటీ సరిపోయాయి. ఇది ఆఖరిది. తక్కినవన్నీ అక్క నింపేసింది. మిగిలినవి ఈ నిలువు వరసలో నాలుగు గళ్ళు. వాటిలోనూ మూడోది, అడ్డంగా వచ్చిన మాట వల్ల, 'ము' అని తేలిపోయింది. ఆ పై వారం శనివారం లోపల పోస్టులో వేస్తే ఆవిడ పేరు అచ్చవుతుంది. నేను తప్పు రాస్తే ఆ ఏడాదంతా నావల్ల పోతుంది.

ఆ ఆదివారం నేను స్కూల్లో జవాబుపత్రాలు దిద్దుతూ ఉండిపోయాను. సాయంత్రం ఇంటికి వస్తే, "ఒకటి ఆగిపోయిందిరా. అలిసిపోయావు, రేపు చూద్దువుగానిలే," అంది అక్క. సోమవారం పొద్దున ఆవిడ లేవలేదు.

ప్రతి ఆదివారం అంతే. అక్క అన్నీ పూరించి, "ఒక్కటి నావల్ల కావడం లేదురా, ఓసారి చూడు," అనేది. నేను కళ్ళజోడు సర్దుకుని చూసేవాణ్ణి. పది నిమిషాల్లో తేలేది. "అబ్బ, నీ బుర్రే బుర్ర!" అనేది. సోమవారం స్టాఫ్ రూములో ఆ సంగతి నా అంతట నేనే ఎత్తేవాణ్ణని ఒప్పుకోవాలి. మా లెక్కల టీచరు నన్ను చూడగానే, "ఈ వారం దేన్ని పడగొట్టారు?" అని అడిగేది. అది వేళాకోళమని నాకు చాలా ఏళ్ళు తెలీలేదు.

ఇక ఆధారం. ఆ వారం నుడికట్టుకు 'బాటసారులు' అని శీర్షిక. పొడుగు మాటలన్నీ పాతకాలపు యాత్రికులవీ, దారులవీ, సత్రాలవీ. శీర్షిక ముందువారమే వేస్తారు కనక, అక్క ముందే లైబ్రరీ నుంచి పదకొండు పుస్తకాలు తెప్పించుకుంది. నిలువు పద్ధెనిమిదికి ఆధారం ఇది: "తెల్లగా వచ్చి నల్లని నేల మీద నడుస్తాడు. నడిచినకొద్దీ పొట్టివాడవుతాడు. అతని అడుగుజాడలను మర్నాడు ఎవరో తుడిచేస్తారు."

ఆ పై వారం బుధవారం నన్ను లైబ్రరీకి రమ్మన్నారు. 'నిశ్శబ్దం' అని రాసిన బోర్డు కింద వాళ్ళ బల్ల.

"తెల్లగా వచ్చాడంటే తెల్లబట్టల సన్యాసి," అన్నారు నిఘంటువుగారు. "అందులో అనుమానమే లేదు."

"మరి పొట్టివాడవడం?" అన్నాను.

"మంచులో నడిచాడు. కాలివేళ్ళు పోయాయి," అన్నారు మందులషాపాయన. చలికి పాడైన వేళ్ళకు ఏ పూత వాడాలో కూడా చెప్పారు.

"వేళ్ళు పోతే మనిషి పొట్టివాడెలా అవుతాడండీ?" అన్నాను.

"మనిషి కాదు మాస్టారూ, అడుగు! అడుగు పొట్టిదవుతుంది కదా!"

అంతలో మేడం లోపలి గదిలోంచి దుమ్ముపట్టిన పుస్తకం ఒకటి పట్టుకొచ్చారు.

"దొరికాడు! అనుబంధంలో, అడుగున చిన్నక్షరాల్లో. 'చలిప్రాంతం నుంచి ఒక ముని వచ్చాడని వినికిడి. వివరాలు తెలియవు.'"

"వివరాలు తెలియవా!" నిఘంటువుగారు లేచి నిలబడ్డారు. "ఎందుకు తెలియవు? ఎవరో తుడిచేశారు కనక తెలియవు!"

"పేరు?"

"పేరెందుకమ్మా? చలి అంటే శీతం. ముని మునే. శీతముని! నాలుగు గళ్ళు. మూడోది 'ము'."

ముగ్గురూ చప్పట్లు కొట్టారు. పక్క బల్ల దగ్గర ఎవరో ఉష్ అన్నారు. లైబ్రేరియన్ మేడాన్ని ఆవిడ లైబ్రరీలోనే ఉష్ అనడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆవిడ పట్టించుకోలేదు. నల్లనేల ఏమైందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ముగ్గురూ అక్కడే కవర్లు అంటించి, ఒకే పోస్టు డబ్బాలో వేసి వచ్చారు.

ఇంటికొచ్చి నేనూ పెన్ను తీశాను. చెయ్యి కదల్లేదు. ఏ మాటనైనా పుస్తకంలో కళ్ళారా చూస్తే తప్ప అక్క గడిలో పెట్టేది కాదు. శీతముని ఆ బల్ల మీద పుట్టి అరగంటే అయింది. రేపు చూద్దామని పెన్ను పక్కన పెట్టాను.

గురువారం మళ్ళీ స్కూలుకు వెళ్ళాను. ఏడో తరగతిలో నా పాఠం. బోర్డు మీద ముందురోజు లెక్కల టీచరు వేసిన లెక్క అలాగే ఉంది. డస్టరు తీసుకుని తుడిచేశాను. తేదీ వేసి, పాఠం పేరు రాసి, ఆరు వాక్యాలు రాశాను. ఏడో వాక్యంలో వేళ్ళు బోర్డుకు గీసుకున్నాయి. సుద్దముక్క అరిగి గోరంత అయింది. దాన్ని పారేసి డబ్బాలోంచి ఇంకోటి తీయబోయి, ఆగిపోయాను.

కొంతసేపటికి ముందు బెంచీలోంచి, "సార్, ఏడో వాక్యం సార్," అని వినిపించింది.

సాయంత్రం చెప్పులు విప్పకుండానే నా భార్యకు చెప్పాను. అంతా విని, నా చొక్కా చేతికి అంటిన తెల్లపొడి దులిపింది.

"నలుగురు కలిసి మునిని వెతికారా?" అంది.

"అక్కకు ఇది తెలీకుండా ఎలా ఉంటుంది? ఇరవై ఏళ్ళుగా నా చొక్కాలు చూస్తోంది కదా!"

"తెలీదని ఎవరన్నారు? వదిన ప్రతి ఆదివారం మీకోసం ఒకటి ఉంచేది. అన్నిటికంటే తేలికైనది ఏరి మరీ ఉంచేది. 'వాడొచ్చే వేళయింది, ఇది వాడికి,' అనేది నాతో."

"నాకెందుకు చెప్పలేదు?"

"సోమవారం స్టాఫ్ రూములో ఏం చెప్పుకుంటారని!" అంది. అని, కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. చాలాసేపు కుళాయి చప్పుడు వినిపించింది. వదినంటే ఆవిడకూ ప్రాణమే.

అక్క ఫైళ్ళు ఇరవై రెండు, ఏడాదికొకటి. ప్రతి కాగితం పంపేముందు ఒక జెరాక్స్ తీసి ఉంచుకునేది. గడువు దాటి జవాబులు అచ్చయ్యాక, తప్పు పడితే ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టేది. పోయినేటి ఫైలు తీశాను. ఎర్ర సున్నా ఒక్కటే ఉంది. సున్నాలో ఉన్నది నా దస్తూరి. అంతకు ముందు ఏడూ నాదే. దానికి ముందు ఏడు అక్కది. మళ్ళీ నాది. ఆరు ఫైళ్ళు చూసి ఆపేశాను. నాలుగేళ్ళు ఆవిడ పేరు జాబితాలో పడకుండా చేసింది నేనే. తప్పు రాశానని ఆవిడకు అప్పుడే తెలిసి ఉండాలి. అయినా నేను రాసింది రాసినట్టే కవరులో పెట్టింది. "ఒకటి తప్పిందిలేరా," అనేది, అంతే. ఎవరిదో చెప్పలేదు. నేను అడగలేదు.

అలాంటివాడు ఇప్పుడు సుద్దముక్క అంటున్నాడు. నన్ను నేను ఎంతవరకు నమ్మాలో తెలీక శుక్రవారం మళ్ళీ లైబ్రరీకి వెళ్ళాను.

"సుద్దముక్కా!" నిఘంటువుగారు జాలిగా చూశారు. "మాస్టారూ, మీరు దుఃఖంలో ఉన్నారు. కొన్నాళ్ళు ఏది చూసినా మీకు అలాగే ఉంటుంది."

"ఇంత పెద్ద నుడికట్టులో సుద్దముక్క ఎవరు పెడతారండీ?" అన్నారు మేడం. "దానికి ఏ గ్రంథం చూడాలి? చూడాల్సిన గ్రంథమే లేదే!"

"ఇన్నాళ్ళకు అక్కగారికి అవకాశం వచ్చింది. మీ చేతులారా పాడుచేయకండి," అన్నారు నిఘంటువుగారు.

మందులషాపాయన మాత్రం తన కాగితం జెరాక్స్ తీసి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

శనివారం మధ్యాహ్నం అక్క పెన్నుతోనే రాశాను. మూడు గళ్ళలో నా అక్షరాలు, 'ము'తో సహా తక్కినవన్నీ ఆవిడవి. పూరించినవారి పేరు దగ్గర ఆవిడ పేరు రాశాను. జెరాక్స్ తీసి ఫైల్లో పెట్టి, కవరు పోస్టు డబ్బాలో వేశాను.

మూడు వారాల తర్వాత జాబితా వచ్చింది. తొమ్మిది పేర్లున్నాయి. ఏడోది అక్కది. నా భార్య రెండుసార్లు చదివించుకుంది.

నిఘంటువుగారు పత్రికకు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. శీతమునికి అన్యాయం జరిగిందని అందులో పదమూడు ఆధారాలు చూపించారట. మేడం ఆ పుస్తకంలో చిన్నక్షరాలున్న పేజీకి గుర్తుగా ఎర్రదారం పెట్టి, అద్దాల బీరువాలో ఉంచారు.

మందులషాపాయన ఇంటికొచ్చారు. తన కాగితం జెరాక్స్ బల్ల మీద పెట్టారు. శీతముని కింద రబ్బరుకు పోని పెన్సిలు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. మొదటి అక్షరం సు.

"మొదట్లోనే రాశానండీ. అక్కగారు ఖాళీగా వదిలారని చెరిపేశాను," అన్నారు. "ఆవిడెందుకు వదిలినట్టు మాస్టారూ?"

ఆయనకు నిజం చెప్పాలనిపించింది. అది నాకోసం ఉంచిందని.

"ఆ రోజు నేను ఇంటికి ఆలస్యంగా వచ్చానండీ," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. కాసేపు కూర్చుని, టీ తాగి వెళ్ళిపోయారు.