వంపిన నీళ్ళు

ల్యాబులో పిల్ల కాగితం చేతికివ్వకముందే, ఆమె ముఖం చూసి శేషప్పకు అర్థమైంది. ఈసారీ తప్పింది.

నెత్తురు పరీక్షలో అంకె రెండుకూ మూడుకూ నడుమ ఉండాలి. ఒకటిన్నర ఉంది. భార్య రంగమ్మ కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని చూసి, "ఏమంట?" అనింది.

"దిగిపోయిందంట."

"ఎండాకాలంలో ఎక్కిందన్నారు కదా?"

"ఎక్కుతాది, దిగుతాది. అదేమన్నా మన మాట వింటుందా?"

వాళ్ళది హోసూరు పక్క ఉద్దనపల్లి. 2004 వానాకాలం అది. అంతకు రెండేళ్ళ ముందు శేషప్ప గుండె లయ తప్పింది. గుండె పై గదులు కొట్టుకోకుండా వణుకుతున్నాయని హోసూరు డాక్టరమ్మ ప్రతిభ చెప్పింది. వణికేచోట నెత్తురు నిలిచి గడ్డ కట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. పక్షవాతం అంటే ఏమిటని శేషప్ప అడగలేదు. ఇంట్లోనే చూస్తున్నాడు. అన్న పాపన్న ఒకప్పుడు నాలుగూళ్ళ తగవులు తీర్చినవాడు. ఇప్పుడు అరుగు మీద పడి, నీళ్ళు కావాలన్నా, ముక్కుమీద ఈగ వాలినా "బా, బా" అంటాడు. తానూ ఆ అరుగు మీదికి చేరకూడదు. నెత్తురు పలచన చేసే మాత్ర శేషప్ప మింగేది అందుకే.

ఆ మాత్రకు రెండు వైపులా గొయ్యే. అంకె తగ్గితే గడ్డ భయం, పెరిగితే నెత్తురు ఆగదు. ఎండాకాలంలో అంకె ఐదు దాటింది. పండ్లు తోముకుంటే వేపపుల్ల ఎర్రబడింది. కంప జరపబోతే ముల్లు గీరుకొని పంచె తడిసింది. డాక్టరమ్మ మాత్ర తగ్గించింది. వానలు పడ్డాక అంకె కిందికి జారింది. పెంచింది. మళ్ళీ జారింది. శేషప్ప కొడవలి పట్టడం మానుకున్నాడు. గొడ్ల దగ్గరికి పోవడం మానుకున్నాడు.

బెంగళూరులో ఇంకో దారి ఉందని తెలిసి పోయి వచ్చినారు. తొడ దగ్గర నరంలోంచి గుండెలోకి తీగ పంపి, లయ చెడగొట్టే చోట కాలుస్తారు. అక్కడి పెద్ద డాక్టరు అంతా చెప్పి చివరకు ఒక మాట అన్నాడు. "మూడు వారాలు వరసగా అంకె సరిగ్గా ఉండాలి. లేకపోతే నేను తీగ పెట్టను. ఉన్న గడ్డ కదిలితే ఆపరేషన్ బల్ల మీదే పక్షవాతం వస్తుంది."

తిరుగు బస్సు అత్తిబెలె దాటింది. శేషప్ప అన్నాడు: "మాత్ర వదిలించుకోవాలంటే తీగ పెట్టాలంట. తీగ పెట్టాలంటే మాత్ర కుదరాలంట. మాత్ర కుదిరేదుంటే నేను బెంగళూరికి యాడికి పోతాను?"

"నన్నడిగితే? నేనేమన్నా డాక్టరునా?" అని రంగమ్మ కిటికీ వైపు తిరిగింది.

ఇప్పుడు ఒకటిన్నర కాగితం చూసి డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. ఆమెది చెన్నై. ఇంట్లో నేర్చుకున్న తెలుగు.

"మాత్ర మరిచిపోతున్నారా పెద్దాయనా?"

"అన్నం మరుస్తానేమో గానీ అది మరవనమ్మా."

"ఆకుకూరలు? అవి ఎక్కువైతే మాత్ర పని చెయ్యదని చెప్పాను కదా?"

రంగమ్మకు కోపం వచ్చింది. "మీరు తగ్గించమన్నారు, నేను మొత్తంగా నిలిపేసినాను. రెండేండ్లుగా ఆయన కంచంలో ఒక్క ఆకు పడలేదమ్మా. మా మారెమ్మ తల్లి మీద ఆన."

"నిన్న ఏం తిన్నారు?"

"సంగటి, బస్సారు."

"బస్సారంటే?"

ఇంత చదువుకొని బస్సారు తెలీదా అన్నట్టు చూసి రంగమ్మ చెప్పింది. "వాన పడితే రాగి చేన్లో రకరకాల ఆకు మొలుస్తుంది. అది తెచ్చి కందిబేళ్ళతో ఉడకేసి నీళ్ళు వంపేస్తాం. ఆకు తాలింపు పెట్టి మేం తింటాం. ఆయనకు వంపిన నీళ్ళతో కాచిన సారు మాత్రమే."

"ఉత్త నీళ్ళేనా?"

"ఉత్త నీళ్ళయితే సంగటికి యాడ అంటుకుంటుంది? కొబ్బెర, మిరపకాయలు, ఒక పిడికెడు ఉడికిన ఆకు వేసి రుబ్బుతాం. ఆకు ఎక్కువుంటే రెండు పిడికెళ్ళు. చిక్కగా ఉంటుంది."

డాక్టరమ్మ పెన్ను మళ్ళీ అందుకుంది. "రుబ్బిన ఆకు ఆకు కాదా అమ్మా?"

"అది మసాలా కదా!"

"ఎండాకాలంలో?"

"ఎండాకాలం ఆకు యాడిది? ఉలవచారే."

శేషప్ప భార్య వైపు తిరిగాడు. "రెండేండ్లు నా ఎదురుగా కూర్చోని మీరంతా ఆకు తింటిరి. నేను కంచం చూసుకుంటా మింగితిని. అంతా దండగేనా?"

"అబ్బో, సారు ఇంకో గరిట పొయ్యమని అడిగింది ఎవరో?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకొని చెప్పింది. ఆకు మానక్కర్లేదు. రోజూ ఒకటే కొలత ఉండాలి, వాన కురిసినా ఎండ కాసినా. దానికి సరిపడా మాత్ర తాను కుదురుస్తుంది. ఎవరూ తమంతట తాము మార్చకూడదు.

బావి గట్టున రంగమ్మ తోటకూర విత్తింది. రోజూ ఒక పిడికెడు, పండగైనా పిడికెడే. అంకె మెల్లగా రెండు దాటి అక్కడే నిలిచింది. మూడో వారమూ నిలిచింది.

"ఇప్పుడు బెంగళూరికి పోవచ్చు," అనింది డాక్టరమ్మ.

శేషప్ప ఈ రోజు కోసమే ఎదురు చూశాడు. అయినా కుర్చీ అంచుకు జరిగి అడిగాడు. "కాల్పించుకుంటే మాత్ర ఆపేస్తారు కదమ్మా?"

"ఆపను. మీకు బీపీ ఉంది, షుగరుంది, వయసుంది. లయ కుదిరినా గడ్డ భయం పోయిందని చెప్పలేను. ఆయాసం తగ్గొచ్చు. కొంతమందికి రెండోసారి కాల్చాల్సి వస్తుంది."

"అంటే ఊపిరి కోసం అయితే పోవాల. మాత్ర వదిలించుకోను అయితే పోకూడదు."

"అంతే."

అతను చేతులు చూసుకున్నాడు. ఊపిరి కావాలి. పొలం గట్టు ఎక్కాలంటే రెండుచోట్ల నిలవాల్సి వస్తోంది. కానీ నిద్రలో లేపేది ఆయాసం కాదు, అన్న గొంతు. ఆ గొంతు తనకు రాకుండా ఆపేది మాత్రే, తీగ కాదు. తీగ పెట్టించుకున్నా మళ్ళీ ఇదే ల్యాబు, ఇదే సూది, ఇదే పిడికెడు.

"వద్దులేమ్మా. ఈ మాత్ర కట్టుబాటు చాలు నాకు. తీగ పేరుతో ఇంకోటి తగిలించుకోలేను."

"గుండె వేగం తగ్గించే మాత్ర కొంచెం పెంచుతాను. ఆయాసం మరీ ఎక్కువైతే మళ్ళీ ఆలోచిద్దాం. తలుపు మూసెయ్యొద్దు."

"మూసేది నేనా అమ్మా, పైవాడు గానీ?" అని లేచాడు.

బస్టాండులో వాళ్ళ ఊరి మీదుగా పోయే రాయకోట బస్సు కదులుతోంది. రంగమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి పరుగు తీసింది. "నిలపప్పా, నిలుపు! ముసలాయన వస్తున్నాడు!" అని బస్సు పక్కన తట్టింది. కండక్టరు తల బయటపెట్టి, "తాతా, బిర్నా రా! నీకోసం ఊరంతా కాచుకోవాల్నా?" అని అరిచాడు. ఎవరో నవ్వారు.

శేషప్ప చెయ్యి ఎత్తి వస్తున్నానన్నాడు. అడుగు మాత్రం పెంచలేదు, ఊపిరికి సరిపడా ఒకటే కొలత. బస్సు హారన్ కొడుతూ ఉంది. అతను నడుస్తూ ఉన్నాడు.