పది టోపీల బావ

చిలక్కొయ్యకు కోట్లు తగిలించుకుంటూ పాతికేళ్లు నెట్టుకొచ్చిన టైలరు ఇంటికి అసలు చిలకే వచ్చి పది రోజులైంది. వెల్డింగు పనిచేసే బావమరిది ఎక్కడినుంచో పట్టుకొచ్చి, పలకదు గానీ మంచిదని పంజరంతో సహా అప్పగించిపోయాడు. పలకదన్న మాట నిజమే. మంచిదన్న మాటే టైలరు వేళ్లు ఒప్పుకోలేదు. మచ్చిక కాని పక్షి. నీళ్ల గిన్నె మార్చబోతే పలకరింపు ముక్కుతోనే. కొరకరాని కొయ్య అంటారు గానీ, దానికి కొరకరాని కొయ్యంటూ లేదు. కూర్చునే కొయ్యనే సగం కొరికేసింది.

టైలరుకు వేళ్లే ఆస్తి. అందుకని ఆపిల్ ముక్కను కాజాలు కుట్టే పట్టుదారానికి కట్టి, పంజరం పైనుంచి వేలాడదీయడం మొదలుపెట్టాడు. చెయ్యి లోపల పెట్టే పనే లేదు. కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ ఆ ఉపాయం గురించి చెప్పుకుని మురిసిపోయాడు. ఇవాళ మధ్యాహ్నం ఆ దారమే చిలక కాలివేలికి నాలుగు చుట్లు చుట్టుకుంది. వేలు ఉబ్బి నల్లబడుతోంది. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, తాను రేపటిదాకా రాలేనని, రేపటిదాకా ఆగితే వేలు దక్కదని, ఇప్పుడే దారం కత్తిరించమని చెప్పాడు.

కత్తిరించడం టైలరుకు కొత్తా? పట్టుకోవడమే కొత్త.

కబురందుకున్న బావమరిది మోచేతులదాకా వచ్చే తోలు గ్లౌజులు తెచ్చాడు. టైలరు వాటిని తొడుక్కుని పంజరం తలుపు తీశాడో లేదో, ఆ రెండు దిట్టమైన చేతుల్ని చూసి చిలక పంజరం ఊచలకు కొట్టుకోవడం మొదలెట్టింది. ఈక ఒకటి రాలింది. పైగా అంత మందపు తోల్లోంచి ఎంత నొక్కుతున్నాడో అతనికే తెలియదు. భయపడి తీసేశాడు.

అప్పుడు తన సొంత బుర్రకు పదును పెట్టాడు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీలు, అంగుస్తానాలు, డబ్బా నిండా ఉన్నాయి. పది తీసి పది వేళ్లకూ పెట్టాడు.

"ఇన్ని టోపీలు ఎవరికి పెడదామని బావా?" అన్నాడు బావమరిది.

చిలక ఆ మెరుపుల్ని తల వాల్చి చూసింది. చూపుడువేలి టోపీని లాఘవంగా ఊడలాగి నీళ్ల గిన్నెలో పడేసింది. రెండోదీ అంతే. మూడోసారి టోపీల జోలికి పోకుండా బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మెత్తటి చోటు చూసుకుని కరిచి పట్టుకుంది. టోపీ పెట్టుకున్నంత మాత్రాన మెడ దాగుతుందా?

టైలరు చెయ్యి కుళాయి కింద ఉండగా భార్య డ్యూటీ దిగి వచ్చింది. ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. అప్పుడే పుట్టిన పిల్లల్ని గుడ్డలో చుట్టి తల్లుల చేతుల్లో పెట్టడం ఆమె పని. సంగతంతా విని ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా కిటికీలు మూసి, తెరలు లాగి, ఫ్యాన్ ఆపి, పాత తువ్వాలు అడిగింది. ఎర్రటి కొత్తది తెచ్చిన తమ్ముణ్ణి, రంగుకి బెదురుతుందని వెనక్కి పంపింది.

వెలిసిన తువ్వాలు చేతి మీద పరుచుకుని, వెనకనుంచి మెల్లగా చిలకను కప్పింది. తువ్వాలు మీంచే దవడకు అటూ ఇటూ వేళ్లు ఆనించి, రెక్కలు దగ్గరకు చేర్చి చుట్టింది. తలా, దారం పడ్డ కాలూ మాత్రమే బయట.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను, వినలేదు" అన్నాడు టైలరు.

"నాకు చెప్పినట్టు చెప్పుంటారు."

ఇంకాస్త బిగించమన్నాడతను, జారిపోతుందేమోనని.

"ఇదేమన్నా మీరు కుట్టే కోటా, బిగించడానికి? రొమ్ము కదిలితేనే దానికి ఊపిరి. మీరు కత్తెర పట్టండి."

కత్తెర దగ్గరకు రాగానే చిలక నోరు తెరిచింది. బావమరిది చటుక్కున ఒక అంగుస్తానా అందించాడు. చిలక దాన్ని కరుచుకుని వదల్లేదు. వేళ్లకు తొడిగితే పనికిరాని టోపీ, ముక్కుకు తొడిగితే పనికొచ్చింది. టైలరు ఊపిరి బిగబట్టి, సన్నటి కత్తెర మొనతో ఒక్కొక్క చుట్టూ తెంపాడు. నాలుగోది తెగాక, చూస్తుండగానే వేలికి మెల్లగా రంగు తిరిగొచ్చింది.

భార్య చిలకను పంజరంలో వదిలి, తెగిన పోగు తీసి వెలుతురుకు పట్టి చూసింది. పట్టుదారం.

"ఈ ఉపాయం ఎవరిది?"

కొట్లో అందరికీ చెప్పుకున్నవాడు ఇంట్లో నేల చూశాడు. "నాదే" అన్నాడు.

ఆమె చెయ్యి ఇలా ఇమ్మని కట్టు కట్టింది.

సాయంత్రం టైలరు గుడ్డ కొలిచే చెక్క స్కేలు చివర ఆపిల్ ముక్క గుచ్చి, పంజరం ముందు కూర్చున్నాడు. కట్టు కట్టిన చెయ్యి వీపు వెనక. చాలాసేపటికి చిలక మెడ సాచి ముక్క అందుకుంది. ముక్కుకీ తన వేళ్లకీ మధ్య ఇరవై రెండు అంగుళాలు. సుద్దతో అక్కడ గీత పెట్టుకున్నాడు. రేపు ఇరవై ఒకటి.