గంట మావయ్యకి, ఆకలి నాకు

మావయ్య తిండి గురించి పెళ్ళికి ముందే కథలు కథలుగా విన్నాను. ఆయన దర్జీ. ముందు గదే దుకాణం. ఒక చేత్తో టేపు, ఇంకో చేత్తో బన్ను పట్టుకుని కొలతలు తీసేవారట. వచ్చినవాళ్ళ చొక్కాల మీద బన్ను పొడి రాలితే "పరవాలేదు, ఎలాగూ ఉతుకుతారుగా" అనేవారట. అలాంటి మనిషికి, మా పెళ్ళి కుదిరిన తర్వాత ఒకరోజు, మెదడు లోపల ఓ చిన్న రక్తనాళం మూసుకుపోయింది. కాలు, చెయ్యి, మాట అన్నీ తిరిగొచ్చాయి. ఆకలి మాత్రం రాలేదు.

నేను కాపురానికొచ్చేసరికి ఆయన కంచం ముందు ఎలా కూర్చునేవారంటే, ఎదురింటి గోడని చూస్తున్నట్టు. అలక కాదు, దిగులూ కాదు. అత్తయ్య చెంచాతో నోట్లో పెడితే నమిలి, మింగి, పెదాలు చప్పరించి "బాగుంది" అనేవారు. "బాగుంటే తినండి మరి" అని అత్తయ్య చెంచా చేతికిస్తే, అది చేతిలోనే ఉండిపోయేది. దాహమేసినా అడిగేవారు కాదు. కుట్టు మిషను మీద దుప్పటి కప్పేశారు. మేస్త్రీ కట్టిన గోడలా ఉండే మనిషి రోజురోజుకీ సన్నబడిపోతున్నారు.

డాక్టరు మొహమాటపడకుండా చెప్పేశాడు. "వచ్చే పరీక్షకి బరువు ఇంకా తగ్గితే పొట్టలోకి గొట్టం వెయ్యాల్సిందే. ఒకరు తినిపిస్తే ఎంతని తింటారు? ఆయనంతట ఆయన అడగాలి." ఆ మాట విన్నాక అత్తయ్య ఆయన కంచంలో వడ్డన రెట్టింపు చేసింది.

మా ఆయన (ఈ మాట రాయడం ఇంకా కొత్త, అందుకే కాస్త ఎక్కువసార్లు రాస్తాను) ఎలుకల మెదళ్ళ మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో పనిచేస్తాడు. ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఇదంతా ఏమిటో నాకు విడమరిచి చెప్పాడు.

"మెదడులో ఇష్టం వేరు, కావాలనిపించడం వేరు. రెండిటికీ వేరు వేరు దారులు. కావాలనిపించే రసాయనం తయారు కాని ఎలుకలుంటాయి. మూతి ముందు తిండి పెట్టుకునే మాడి చచ్చిపోతాయి. అదే ఓ తీపి చుక్క నాలిక మీద వేస్తే, ఆనందంగా మూతి నాక్కుంటాయి."

"అంటే మావయ్యకి రుచి పోలేదా?"

"రుచి ఎక్కడికీ పోలేదు. రుచి దాకా నడిపించేది పడుకుంది."

చేతులకి సబ్బు నురగ, కళ్ళల్లో దీపాలు. తండ్రి జబ్బు గురించి చెబుతూ కూడా ఆ మెదడుని చూసి అబ్బురపడకుండా ఉండలేడు. ఇలాంటి మొగుడు దొరికినందుకు నేను గిన్నె తుడవడం మర్చిపోయి నిలబడ్డాను.

మర్నాడు ఓ పాత సైకిలు గంట తెచ్చి భోజనాల బల్లకి బిగించాడు. భోజనానికి ముందు గంట, వెంటనే మావయ్యకి బాగా ఇష్టమైనది ఒక ముద్ద. కొన్నాళ్ళకి మెదడు గంట వినగానే ముద్ద కోసం ఎదురుచూడటం మొదలెడుతుందట. కోరిక తిండి మీద నుంచి దాని కబురు తెచ్చే గంట మీదకి జరుగుతుందట.

జరిగింది. కాకపోతే నాకు.

ట్రింగ్ అనగానే ఎక్కడున్నా నోట్లో నీళ్ళు ఊరేవి. స్నానం మధ్యలో, పుస్తకం మధ్యలో, ఓసారి ఫోనులో మా అమ్మతో మాట్లాడుతుంటే మధ్యలో. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టినా గబగబా వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాను. ఆ గంట పక్కనే మావయ్య మాత్రం రాయిలా ఉండేవారు.

"చోద్యం కాకపోతే ఏంటమ్మా ఇది! మొగుడి కోసం గంట కొడితే కోడలు పరిగెత్తుకొస్తోంది," అని అత్తయ్య నవ్వాపుకోలేకపోయింది. "ఒరేయ్ చిన్నోడా, నీ ఎలుకలే నయం రా. అవి ఇంత బ్రెడ్డు తినవు."

ఎవరైనా కొత్త పెళ్ళాం కళ్ళని పొగుడుతారు, జడని పొగుడుతారు. మా ఆయన నా మెదడు అడుగున ఎక్కడో ఉన్న ఓ చిన్న ముక్కని పొగిడాడు. "ఎంత చక్కగా నేర్చుకుందో చూశావా!" అన్నాడు. సిగ్గుపడ్డాను. నిజంగానే పడ్డాను. ఈలోగా పెళ్ళికి కొన్న గౌన్లన్నీ బిగుతైపోయాయి.

పరీక్ష సోమవారం. అంతకు ముందు శనివారం మా ఆయన ప్రయోగశాలకి వెళ్ళాడు. అత్తయ్య సూపు, బ్రెడ్డు, ఉడికించిన గుడ్డు బల్ల మీద పెట్టి గంట కొట్టింది. నేను స్టూలెక్కి కర్టెన్లు తగిలిస్తున్నాను. ఒక్క దూకు దూకి, బ్రెడ్డు బుట్ట కోసం చెయ్యి చాచాను. పర్ర్‌మని చంక దగ్గర నుంచి నడుము దాకా గౌను పిగిలిపోయింది.

చెయ్యి గాల్లోనే ఉంచి బొమ్మలా నిలబడ్డాను. అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎవడు కుట్టాడది?"

ఆ మాట ఎవరన్నారో మాకు వెంటనే అర్థం కాలేదు.

"ఎవరూ కాదు మావయ్యా, బజారులో కొన్నాను," అన్నాను.

"అదే, ఎవడు కుట్టాడనీ. లోపల అరంగుళం గుడ్డ కూడా వదల్లేదు, పిసినారి వెధవ. మార్చుకుని ఇటు తీసుకురా."

నేను మార్చుకుని వచ్చేసరికి ఆయన కుర్చీలోంచి లేచి మిషను దగ్గరున్నారు. ఎవరూ లేపలేదు. దుప్పటి కింద పడుంది. సొరుగులో కత్తెర కోసం చేత్తో తడుముతున్నారు. అది అత్తయ్య వెనకున్న అలమారలో ఉంది. "ఉండండి, నేనిస్తా" అని ఆవిడ చెయ్యి దాని మీదకి వెళ్ళింది. నేను ఆ చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ అడక్కముందే అందరం పెట్టేస్తున్నాం. అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ ఇంట్లో కత్తెర ఉండాల్సిన చోట ఉండి చావదు కదా!" అని ఆయన విసుక్కుంటూ వచ్చి, అలమార తీసి, కత్తెర పట్టుకెళ్ళారు. తిట్లు తిని ఇంత సంతోషపడ్డ ఆడవాళ్ళని ఆ వీధి చూసి ఉండదు.

తర్వాత మేమిద్దరం చూస్తూ నిలబడిపోయాం. పిగిలిన కుట్టు ఒక్కొక్కటే విప్పారు. పీలికల పెట్టె తీసి నీలాలన్నీ కిటికీ వెలుగులో పెట్టి చూసి, నా గౌను రంగుకి అక్క వరసయ్యే నీలం ఒకటి ఏరారు. దారం తడిచేసి, ఒక కన్ను మూసి, మొదటిసారికే సూదిలోకి ఎక్కించారు. పొడుగాటి ముక్క కత్తిరించి చంక కింద ఇమిడ్చారు, ముందు నుంచీ అక్కడే ఉన్నట్టు. కాలు తొక్కుడు మీద పడగానే మిషను గడగడలాడింది. నెలల తర్వాత ఆ ఇంట్లో ఆ చప్పుడు. పడుకున్న ఆ కోరిక ఎంత గడుసుదో! వేడి వేడి సూపుకి లేవలేదు, గంటకి లేవలేదు, పరాయివాడి చెత్త కుట్టుకి లేచి కూర్చుంది.

సూపు చల్లారి పైన మీగడలా పొర కట్టింది. ఎవరం కదల్లేదు.

ఆయన చివరి దారం పళ్ళతో కొరికి, గౌను దులిపి, నాకు విసిరారు. అద్దాలు నుదుటి మీదకి తోసుకుని చుట్టూ చూశారు.

"ఏమే, ఇవాళ వంట చెయ్యలేదా?"

అత్తయ్య కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. "చేశాను. ఏం కావాలేంటి?"

"ఆకలేస్తుంటే ఏం కావాలేంటంటావేంటి? ఏదో ఒకటి పెట్టు."

"బల్ల మీదే ఉంది, చూసుకోండి."

ఆ మాట అనడానికి ఆవిడకెంత కష్టమైందో పక్కనున్న నాకు తెలుసు. ఆయన గొణుక్కుంటూ వచ్చి కూర్చున్నారు. చెయ్యి బుట్టలోకి వెళ్ళింది. బ్రెడ్డు తుంచి, సూపులో ముంచి, నోట్లో పెట్టుకున్నారు. మళ్ళీ తుంచారు. "ఉప్పెక్కువైంది," అన్నారు నోటి నిండా పెట్టుకుని.

"అవుతుంది, అవుతుంది. నోరుమూసుకుని తినండి," అంది అత్తయ్య, గబగబా కళ్ళు తుడుచుకుంటూ.

నేను మా ఆయనకి ఫోను చేశాను. గదిలో నువ్వు, గది బయట మీరు, అది మా ఒప్పందం.

"ఏమండీ, మావయ్య తిడుతున్నారు."

"ఏంటీ? నాన్నా? దేనికి?"

"రెండో గుడ్డు లేదని."

అవతల ఏదో గాజుసామాను పగిలిన చప్పుడు వినిపించింది.